కవి కథలో మన చోటు



లోకమును గూర్చి కవులు చెప్పిన పద్యములు మన తెలుగులో వేలకొలది ఉన్నవి. తమను గూర్చి తాము చెప్పుకొన్నవి తక్కువ. ప్రాచీన కవులు కావ్యము మొదట తమ వంశమును, గురువును, కృతిపతిని స్తుతించి, సొంత సుఖదుఃఖములను తెర వెనుక ఉంచి, కథలోనికి వెళ్ళిపోయినారు. ఎప్పుడో ఒకప్పుడు మాత్రమే ఆ తెర తొలగినది. బొడ్డుపల్లెను గుత్తకు తీసికొని, పంటను కృష్ణ ముంచివేయగా, శిస్తు చెల్లింపలేక ముసలితనమున శిక్ష అనుభవించిన శ్రీనాథునివని చెప్పుకొను చాటుపద్యములు అట్టివి. గోలకొండ చెరసాలలో కంచెర్ల గోపన్న రామునితో పెట్టుకొన్న తగవు అట్టిది. ఏ నగకు ఎంత సొమ్ము అయినదో లెక్క చెప్పి మరీ ఆయన దేవుని నిలదీసినాడు.

ఆ లెక్క గోపన్నది. ఆ దెబ్బలు గోపన్నవి. అయినను నెల చివరి దినములలో మన ఇంటి ఇల్లాలు పొయ్యి ముందు కూర్చుండి ఆ కీర్తనను కూనిరాగము తీయునప్పుడు, ఆ లెక్క ఆమెది అగుచున్నది. ఆమె నగలు చేయించలేదు, చెరసాలకు పోలేదు. అయినను ఆ మాట ఆమెకు సరిపోవుచున్నది. ఒకరి సొంత కథ మరియొకరికి సొంతము ఎట్లు అగును? అట్లు సొంతము చేసికొనుటలో మనము కవికి న్యాయము చేయుచున్నామా? నేటి నా ప్రసంగము ఈ చిన్న ప్రశ్నను గూర్చినది.

నేను పండితుడను కాను. కూర్మన్నపాలెములో నివసించు విశ్రాంత కార్మికుడను. గాజువాక దాటి అగనంపూడి వైపు పోవు పెద్దరోడ్డు మీద, ఉక్కు కర్మాగారమునకు దారి చీలు చోటనే మా కూర్మన్నపాలెము. తెల్లవారుజామున మొదటి షిప్టునకు పోవువారు, రాత్రి షిప్టు దిగి వచ్చువారు, ఆ కూడలిలోనే ఎదురుపడుదురు. నేను పుట్టిన ఊరు ఇక్కడికి దగ్గరనే ఉండెడిది. ఇప్పుడు లేదు. 1966లో ఉక్కు కర్మాగారము కొరకు ఆంధ్రదేశమంతట ఉద్యమము చెలరేగినది. ఆ నవంబరు 1న విశాఖపట్టణములో కాల్పులు జరిగి ప్రాణములు పోయినవి. 1970 ఏప్రిల్ 17న పార్లమెంటులో కర్మాగారమును ప్రకటించినారు. 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగినది. ఆ తరువాత భూములు ఇచ్చిన పల్లెలలో మాది ఒకటి. 1992లో కర్మాగారము జాతికి అంకితమైన నాటికి నేను అందులోనే పని చేయుచుంటిని. మా చింతచెట్టు ఉన్న చోటు ఇప్పుడు ప్రహరీగోడ లోపల ఎక్కడనో ఉన్నది.

పదవీ విరమణ చేసిన పిదప, నెలకొకమారు మా అరుగు మీద పదిమందిమి కూడి పద్యములు చదువుకొనుట అలవాటు చేసికొన్నాము. ఒకమారు మేము చేపట్టినది గుర్రము జాషువా రచించిన ‘నా కథ’. అది పద్యములలో చెప్పిన ఆత్మకథ. 1966లో, అనగా మా ప్రాంతమున ఉక్కు కొరకు కేకలు వినవచ్చిన ఏడాదిలోనే, అది వెలువడినది.

జాషువా జీవితమును గూర్చి రెండు మాటలు చెప్పక తప్పదు. ఆయన 1895 సెప్టెంబరు 28న వినుకొండలో జన్మించినాడు. తల్లిదండ్రులు కులాంతర వివాహము చేసికొన్నవారు. తల్లిది అంటరానిదని లోకము వెలివేసిన కులము. కుటుంబము క్రైస్తవము. అందుచేత ఒకరు ఆయనను అంటరానివాడని దూరముగా నిలిపినారు. మరియొకరు క్రైస్తవుడై ఉండి పురాణగాథల మీద పద్యములేమిటని తప్పుపట్టినారు. పొట్టకూటి కొరకు ఆయన ఎన్నో పనులు చేసినాడు. మూగ చలనచిత్రముల కాలములో రాజమహేంద్రవరమున తెర ప్రక్క నిలువబడి, బొమ్మలకు బదులుగా కథను, సంభాషణలను తానే చదివి వినిపించినాడు. బడిపంతులుగాను, తెలుగు పండితుడుగాను పని చేసినాడు. 1957 నుండి 1959 వరకు మదరాసు ఆకాశవాణిలో కార్యక్రమ నిర్మాత. 1941లో వెలువడిన ‘గబ్బిలము’ ఆయనకు శాశ్వత కీర్తి తెచ్చినది. గుడిలోనికి పోరాని మనుష్యుడు, గుడిలోనికి పోగల గబ్బిలముతో శివునికి తన గోడు చెప్పి పంపుటయే ఆ కావ్యము. చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రిగారంతటి వారు స్వయముగా ఆయన కాలికి గండపెండేరము తొడిగినారు. 1970లో పద్మభూషణ పురస్కారము లభించినది. 1971 జూలై 24న ఆయన కన్నుమూసినాడు.

‘నా కథ’ చదువుచున్న ఆ సాయంకాలము, మాటల మధ్య ఆయనదే మరియొక ప్రసిద్ధ పద్యము ప్రస్తావనకు వచ్చినది. ఆ పద్యమునకు సందర్భము ఇదని చెప్పుదురు. జాషువా రైలులో పోవుచుండగా, తోటి ప్రయాణికుడు ఒక గొప్పయింటివాడు ఆయన కవిత్వము విని పరవశించి, మెచ్చుకొని మెచ్చుకొని, చివరకు ‘మీరేవరు?’ అని కులము అడిగినాడట. చెప్పగానే లేచి వెళ్ళిపోయినాడట. ఆ పద్యములో జాషువా తన కవితను ఒక పెండ్లికూతురుగా భావించినాడు. ఆమె రూపమును పొగడినవారే, ఆమె పుట్టిల్లు ఏదో తెలిసినంతనే ముఖము త్రిప్పుకొనుట ఎట్టి గాయమో చెప్పినాడు. నాలుగు పాదములలో ఒక రైలుపెట్టె, ఒక పొగడ్త, ఒక ప్రశ్న, ఖాళీ అయిన ఒక బల్ల, అన్నియు మనకు కనబడును.

ఆ పద్యమును చదువుచు నేను కంటతడి పెట్టినాను. కారణము చెప్పినాను కూడ. నా యౌవనమున, ఉద్యోగము కొరకు తిరుగు దినములలో, ఒక కార్యాలయమున ఒక పెద్ద ఉద్యోగి నా దస్తూరిని చూచి ముచ్చటపడి కుర్చీ చూపినాడు. మాటలలో మాటగా ‘ఏ ఊరు?’ అని అడిగినాడు. ఊరు పోయినదని, మేము నిర్వాసితులమని చెప్పినాను. ఆయన ముఖములోని నవ్వు పోయినది. ‘మీవాళ్ళు వరుసకట్టి వచ్చుచున్నారు, బయట నిలువుము’ అన్నాడు. ఆ కుర్చీలోనుండి లేచిన క్షణము నలుబదియేండ్లు నాతోనే ఉన్నది. జాషువా పద్యము చదివినప్పుడు, ఇది నా మాట, నాకు చెప్పుట చేతకాక ఆయన చేత చెప్పించుకొన్నాను అని అనిపించినది. మా వారందరు తలలూపినారు.

మా గోష్ఠికి దువ్వాడ వైపు నుండి ఒక అమ్మాయి వచ్చుచుండును. చిన్నపిల్లలకు పాఠములు చెప్పును. ఆమె సంకోచించుచునే అడిగినది: ‘తాతగారూ, ఆ రైలుపెట్టెలో మీరు ఎప్పుడూ జాషువాగారి బల్ల మీదనే కూర్చున్నారా?’

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయినాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

1964 ప్రాంతము. నాకు పన్నెండేండ్లు. మా ఊరి అమ్మవారి సంబరమునకు పెద్దలు హరిశ్చంద్ర నాటకము పెట్టించినారు. పెట్రోమాక్సు దీపముల వెలుగులో తెల్లవార్లు ఆట. శ్మశాన ఘట్టము వచ్చుసరికి ఊరంతయు ఊపిరి బిగపట్టినది. రాజు కాటికాపరి అయినాడే అని ఆడవారు కొంగులతో కన్నులు ఒత్తుకొన్నారు. ఆ ఘట్టమున నటులు పాడు పద్యములు జాషువావి. ఆయన శ్మశానమును గూర్చి వ్రాసిన ఖండిక నుండి వాటిని తీసికొని రంగస్థలము తనవిగా చేసికొన్నది. ఆ సంగతి మా ఊరిలో ఎవరికిని తెలియదు. వ్రాసినవారెవరని అడుగవలెనని కూడ ఎవరికిని తోచలేదు.

మరునాటి ఉదయము రామమందిరము ముందర చింతచెట్టు క్రింద, నా యీడు పిల్లవాడొకడు ఆ పద్యములను అందుకొన్నాడు. ఒక్క రాత్రి వినుటతోనే వానికి నోటికి వచ్చినవి. ఆ గొంతు ఇప్పటికిని నా చెవిలో ఉన్నది. రాగము తీసి వదలగా దారిన పోవువారు నిలిచిపోయినారు. నేను మా ఇంటి నుండి తెచ్చిన చాప మీద వాడును నేనును ప్రక్కప్రక్కనే కూర్చున్నాము. ఊరి పెద్ద ఒకాయన వచ్చి, కన్నులు మూసికొని విని, ‘భళీ’ అన్నాడు. ‘ఎవరి కుర్రాడురా వీడు?’ అని అడిగినాడు. ఎవరో పేట పేరు చెప్పినారు. ఆయన ఉత్తరీయము దులుపుకొని వెళ్ళిపోయినాడు.

ఆ పిల్లవానిని ఎవరును కొట్టలేదు, తిట్టలేదు. జరిగినది ఒక్కటే. నేను లేచి, చాప లాగుకొన్నాను. నన్ను లాగుకొమ్మని ఎవరును చెప్పలేదు. పన్నెండేండ్ల వయసుకే నాకు అది చెప్పకయే తెలిసియున్నది. శ్మశానమున కాపు కాయు రాజును చూచి రాత్రి ఏడ్చినవారమే, తెల్లవారినంతనే ఆ పని కులముగా పెట్టిన వారి బిడ్డను నేల మీద దించినాము. ఆ ఏడాదిలోనే జాషువా ‘క్రీస్తు చరిత్ర’కు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము వచ్చినదని నేను ఎన్నో ఏండ్ల తరువాత చదివినాను.

శ్రోతలారా, జాషువా పద్యము చదివి నాకు జరిగిన అవమానము జ్ఞప్తికి తెచ్చుకొనుట తప్పు కాదు. పద్యము తలుపు తట్టినప్పుడు మన గాయమే ముందుగా పలుకును. అది సహజము. కాని నేను అక్కడనే ఆగిపోయినాను. నాకు జరిగినది కష్టము. అది ఒక కుర్చీ, ఒక మధ్యాహ్నము. ఊరు పోయిన మాటకు కాలము గడచినకొలది మన్నన వచ్చినది. జాషువాకు జరిగినది పుట్టుకతో వచ్చి, పద్మభూషణముతో కూడ పోనిది. రెండింటిని ఒకే తక్కెడలో వేసి, నీది నాది ఒకటే అనుట, ఆయన దుఃఖమును ఎరువు తెచ్చుకొని తిరిగి ఇయ్యకపోవుట వంటిది.

మా విశాఖపట్టణమున 1910లో పుట్టిన శ్రీశ్రీ కూడ ‘నేను’ అనియే పలికినాడు. 1950లో పుస్తకముగా వచ్చిన ‘మహాప్రస్థానము’లోని ఆ ‘నేను’ నాలుగు రోడ్ల కూడలి వంటిది. ఎవడైనను వచ్చి అందులో నిలువవచ్చును. జాషువా ‘నేను’ అట్టిది కాదు. దానికి ఒక ఊరున్నది, తల్లి ఉన్నది, లోకము వేసిన ఒక ముద్ర ఉన్నది. అది ఒకరి ఇల్లు. ఆ ఇంటిలోనికి మనము పోవచ్చును, కాని యజమానిని పలుకరించి పోవలెను. పోయిన తరువాత, ఈ ఇంటివానిని బాధించినవారిలో నాకు తెలిసిన ముఖములు ఉన్నవా అని చూడవలెను. ఒక్కొక్కప్పుడు ఆ ముఖము మనదే అయియుండును.

ఆ పిల్లవాని కొరకు వెదకినాను. పల్లెలు లేచిపోయిన తరువాత ఎవరు ఎక్కడ చేరినారో తెలిసికొనుట తేలిక కాదు. మాకు భూమి ఉన్నది గనుక దానికి పరిహారము వచ్చినది. వారికి భూమి లేదు. లేని భూమికి పరిహారము రాదు. కడకు గాజువాక అవతల ఒక కాలనీలో ఆయన ఉన్నట్లు తెలిసినది. పేరు చెప్పుట ఆయనకు ఇష్టము లేదు. జీవితమంతయు గుత్తేదారుల క్రింద కూలిపని చేసి, ఇప్పుడు మోకాళ్ళ నొప్పులతో ఇంటి ముందర కూర్చుండుచున్నాడు. నేను నా పేరు చెప్పి, ‘గుర్తున్నానా?’ అని అడిగినాను.

‘గుర్తు లేకేటి బాబూ, సాప లాగేసుకున్నోరు గదా’ అన్నాడు.

ఆ మాటలో కోపము లేదు. అరువది ఏండ్లుగా ఒకచోట పెట్టియుంచిన వస్తువును తీసి చూపినట్లు చెప్పినాడు. తప్పు చేసినానని చెప్పుకొన్నాను. ఆయన కొంతసేపు ఊరకుండి, ‘అప్పుడు మీరూ పిల్లోరే. అయినా సాప సాపే’ అన్నాడు. అంతకంటె న్యాయమైన తీర్పు నేను ఎక్కడను వినలేదు.

పద్యములు జ్ఞాపకమున్నవా అని అడిగినాను. గొంతు సవరించుకొని ఎత్తుకొన్నాడు. పై స్థాయి అందక రెండవ పాదమున ఆగిపోయినాడు. ‘వ్రాసినది ఎవరో తెలియునా?’ అని అడిగినాను. ‘నాటకమోళ్ళు రాసుకున్నారనుకున్నాను’ అన్నాడు. అప్పుడు జాషువాను గూర్చి చెప్పినాను: వినుకొండ, తల్లి కులము, ఊరివారి మాటలు, గండపెండేరము, రైలుపెట్టె, అన్నియు చెప్పినాను. ఆయన చాలసేపు నా వంక చూచినాడు.

‘మరి ఇన్నాళ్ళూ ఎవులూ సెప్పలేదేటి?’ అన్నాడు.

ఆ ప్రశ్నకు నా యొద్ద సమాధానము లేదు. పనిలో, పండుగలో, కావలి కాయు రాత్రులలో ఆయన జీవితమంతయు పాడుకొన్న పద్యములు తనవంటి వాడే వ్రాసినవని ఆయనకు తెలియకుండ పోయినది. గొంతును మెచ్చుకొని మనిషిని నేల మీదకు దించిన మేమే, పద్యమును ఉంచుకొని కవి పేరును కూడ జారవిడిచినాము.

ఆ దినము ‘నా కథ’ నుండి బాల్యమును గూర్చిన భాగము ఆయనకు చదివి వినిపించినాను. ఒకచోట చేయి ఎత్తి, ‘ఆ ముక్క మళ్ళీ సదవండి’ అన్నాడు. మళ్ళీ చదివినాను. ‘నా మాటే రాసినాడు గానీ, నాకన్నా బాగా కోప్పడ్డాడు’ అని నవ్వినాడు. ఒకే పుస్తకము, ఒకే పుట. అది ఆయనకు తోడు, నాకు అద్దము. రెండును నిజమైన అర్థములే. ఏది ఎవరికి దక్కునో పద్యము నిర్ణయింపదు. మన జీవితము నిర్ణయించును.

ఇట్టి పద్యములు ఎట్లు చదువవలెనని మీలో ఎవరైనను అడిగినచో, నా అనుభవములో తేలిన నాలుగు మాటలు చెప్పగలను. మొదటిది, పైకి చదువుడు. మన పద్యము చెవి కొరకు పుట్టినది. కంటితో చదివినచో సగమే అందును. ఇంటిలో ఒకరు చదువగా మిగిలినవారు వినుట మంచిది. రెండవది, ఆ మాట కవి నోట ఎప్పుడు, ఎందులకు వచ్చినదో తెలిసికొనుడు. అది తెలియకముందే మన కథను అందులో పోయవద్దు. మూడవది, పద్యములోని మనుష్యులనందరిని లెక్కించి, వారిలో మీరెవరో అడుగుకొనుడు. నాలుగవది, దొరికిన అర్థము మనసులోనే మిగిలిపోనీయకుడు. జాషువా కుమార్తె హేమలతా లవణము 1932లో పుట్టి 2008లో కన్నుమూసినారు. ఆమె స్టూవర్టుపురములో నేరస్థులని ముద్ర పడిన వారి మధ్య, జోగినులుగా మార్చబడిన స్త్రీల మధ్య జీవితకాలము పని చేసినారు. తండ్రి మాటకు కూతురు చెప్పుకొన్న అర్థము అది. మనము అంతటివారము కాకపోవచ్చును. ఒక గడప దాటి పోవుట మనకు కూడ సాధ్యమే.

ఆయన ఇప్పుడు నెలకొకమారు మా అరుగునకు వచ్చుచున్నాడు. ఎంత చెప్పినను నన్ను ‘బాబూ’ అనుట మానలేదు. అది నా చేతిలో లేదు. మొదటిసారి వచ్చినప్పుడు నేను ముందుగానే కొత్త చాప తెచ్చి పరచినాను. ఆయన దానిని చూచి, మోకాళ్ళు వంగవు, కుర్చీ ఉన్నచో వేయుమన్నాడు. కుర్చీ వేసినాను. చాప మీద నేను కూర్చుండి పుస్తకము తెరచినాను.

సెలవు.